బొమ్మల డబ్బా కొన్నా అన్నం తిరిగొస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు, ఒకటో తరగతి. పెరుగన్నం, ఆలుగడ్డ వేపుడు తప్ప ఏదీ ముట్టడు. క్యారెట్, బీన్స్, ఆకుకూర ఏది పెట్టినా డబ్బా ఉన్నదున్నట్టే ఇంటికొస్తుంది. బడి పక్క దుకాణంలో బొమ్మ వేసిన ప్యాకెట్ కనిపిస్తే మాత్రం వదలడు. లోపల ఆటబొమ్మ కూడా ఉంటుంది కదా! అందుకే కార్టూన్ బొమ్మలున్న అరల డబ్బా కొన్నాను. రెండు రోజులు తిన్నాడు. మూడో రోజు నుంచి మళ్లీ అదే కథ. ఆపిల్ మీద కార్టూన్ స్టిక్కరు అంటిస్తే పిల్లలు ఎక్కువ మంది తీసుకున్నారని అమెరికాలో తేల్చినట్టు ఎక్కడో చదివాను. నిజమేనా? తిండిని సరదాగా ప్యాక్ చేసి అలవాటు చేయడం కుదిరే పనేనా, లేక పిల్లవాణ్ని మోసం చేస్తున్నట్టా? ఇంట్లో మూడేళ్ల పాప కూడా ఉంది. అన్న ఏం చేస్తే తనూ అదే చేస్తుంది.
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ బాబు తిన్న ఆ రెండు రోజుల్లోనే సగం జవాబు ఉంది. బొమ్మ డబ్బా మూత తీయించింది, మొదటి ముద్దను నోటిదాకా తెచ్చింది. దాని పని అంతవరకే. రెండో ముద్ద తినాలా వద్దా అన్నది నాలుక చూసుకుంటుంది. మూడో రోజుకు డబ్బా పాతబడింది, లోపలున్నది మాత్రం ఇంకా అలవాటు కాలేదు. కాబట్టి ప్యాకింగ్‌ను ఆ చిన్న పనికే వాడుకుందాం: మూత తీయించడానికి, తినడం తేలిక చేయడానికి, ఒక్క కొరుకు కొరికించడానికి. కూర మీద ఇష్టం పుట్టించే బాధ్యత దాని మీద పెట్టకండి.

ముందు ఆ ఆపిల్ సంగతి. అది కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు 2012లో అచ్చేసిన అధ్యయనం. దాన్ని అచ్చేసిన పరిశోధన పత్రికే 2017లో వెనక్కి తీసుకుంది. ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లల మీద చేశామని రాసుకున్నారు, తీరా చూస్తే వాళ్లు మూడు నుంచి అయిదేళ్ల పిల్లలు. లెక్కల్లోనూ తప్పులు దొరికాయి. ఆ కథ మాత్రం ఇంకా చేతులు మారుతూనే ఉంది. అలాగని బొమ్మకు బలమే లేదనుకోవద్దు. 2007లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు మూడు నుంచి అయిదేళ్ల లోపు పిల్లలు 63 మందికి ఒకే తిండిని రెండు కాగితాల్లో చుట్టి పెట్టారు. ఒకటి మెక్‌డొనాల్డ్స్ కాగితం, రెండోది ఏ గుర్తూ లేనిది. లోపలున్నది ఒకటే అయినా ఎక్కువ మంది గుర్తున్న కాగితంలోదే రుచిగా ఉందన్నారు. పాలు, క్యారెట్ విషయంలోనూ ఇంతే. 2010లో యేల్ యూనివర్సిటీ వాళ్లు నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలు 40 మందితో చేసిన పరీక్ష మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. కార్టూన్ బొమ్మ బిస్కెట్ల మీద, జెల్లీ మిఠాయిల మీద బాగా పనిచేసింది. క్యారెట్ దగ్గరికి వచ్చేసరికి ఆ బలం తగ్గిపోయింది. అంటే ఒక్క బొమ్మనే నమ్ముకుని కూరగాయకూ కంపెనీ ప్యాకెట్‌కూ పోటీ పెడితే గెలిచేది ప్యాకెట్టే.

బొమ్మల గురించి ఆలోచించే ముందు ఒక పని చేయండి. తిరిగొచ్చిన డబ్బాను కడిగేసే ముందు సరిగ్గా చూడండి. అన్నం తిని కూర వదిలేస్తే అది రుచి గొడవ. ఏదీ ముట్టకుండా వస్తే చాలాసార్లు రుచితో సంబంధమే ఉండదు, మూత రాకపోయి ఉంటుంది. స్టీలు డబ్బాకు సిలికాన్ రింగున్న మూత ఉంటే, పొగలు కక్కే అన్నం పెట్టి వెంటనే బిగించినప్పుడు లోపలి ఆవిరి చల్లారి నీరవుతుంది, లోపల ఒత్తిడి తగ్గిపోతుంది. బయటి గాలి మూతను నొక్కి పట్టేస్తుంది. పెద్దవాళ్ల చేతికే రాని మూత ఆరేళ్ల చేతికి ఏం వస్తుంది? మొహమాటపడి ఎవరినీ అడగడు. ఆదివారం పూట నిండు డబ్బా ఇచ్చి, మీరు చెయ్యి వేయకుండా, తనే తెరిచి తిని మూసేలా చేసి చూడండి. తెరవడానికి అర నిమిషం దాటితే డబ్బా మార్చాల్సిందే, దాని మీద ఎంత అందమైన ఏనుగు ఉన్నా సరే. ఉదయం వండిన అన్నాన్ని పళ్లెంలో పరిచి పది, పదిహేను నిమిషాలు ఆరనిచ్చాక సర్దండి. మూత పట్టేయదు, ఆవిరి నీళ్లు కారి చపాతీ దోశలు మెత్తబడవు. రాత్రి మిగిలిన అన్నం మాత్రం డబ్బాలోకి వద్దు.

రెండోది వాసన. రింగును వారానికి రెండుసార్లు ఊడదీసి, అర లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా తినే సోడా కలిపి ఇరవై నిమిషాలు నానబెట్టి కడగండి. నిన్నటి సాంబారు వాసన ఆ గాడిలోనే ఉంటుంది. మూత తీయగానే ఆ వాసన కొడితే ఇవాళ మీరు పెట్టిందేమిటో చూడకముందే వాడికి ఆకలి చస్తుంది. మూడోది సమయం. అరగంట విరామంలో చేతులు కడుక్కోవడం, వరుసలో నిలబడటం, కబుర్లు పోగా తినడానికి మిగిలేది పావుగంట. ముద్ద కలుపుకుని తినాల్సినవాటికి అది చాలదు. కొరికి తినేవి, చెంచాతో తినేవి పెడితే ఈ సమస్య చాలా వరకు తీరుతుంది.

ఇక సరదా సంగతి. దీనికి బజారు సరుకు పెద్దగా అక్కర్లేదు. పొట్లం, దొప్ప, బుట్ట, చుట్ట అంటూ ప్యాకింగ్‌కు మనకున్నన్ని మాటలు చూస్తేనే తెలుస్తుంది, ఈ విద్య మనకు పాతదేనని. 'చిటారు కొమ్మన మిఠాయి పొట్లం' అని తేనెపట్టును పొడుపుకథ చేసినవాళ్లం కదా.

అన్నిటికంటే తేలికైనది అరటిపండుతో మొదలుపెట్టండి. తొక్క ఎలాగూ పారేసేదే కాబట్టి, దేవుడే ఇచ్చిన ప్యాకింగ్ అది. పసుపుపచ్చగా పండిన పండు తీసుకుని, పళ్లపుల్ల మొనతో తొక్క మీద చుక్కలు చుక్కలుగా పొడుస్తూ పిల్లి ముఖమో, వాడి పేరులో మొదటి అక్షరమో వేయండి. పొడిచినప్పుడు ఏమీ కనిపించదు. తొక్క కణాలు చితికి గాలి తగిలాక మెల్లగా గోధుమ రంగుకు తిరుగుతుంది. ఉదయం ఏడింటికి వేస్తే మధ్యాహ్నానికి బొమ్మ తేలుతుంది. 'నువ్వు బడికి వెళ్లాక దీని మీద ఏదో వస్తుంది, ఏమొచ్చిందో సాయంత్రం నాకు చెప్పాలి' అని పంపండి, అంతే. ఇక్కడ జరిగే తప్పు ఒకటే: లోతుగా పొడవడం. గుజ్జుదాకా గుచ్చితే లోపల నల్లబడి మెత్తగా అవుతుంది, ఇక ఆ పండును ముట్టడు. పుల్ల మొనను నేల మీద రుద్ది కాస్త మొద్దు చేయమని కొందరంటారు, అలా చేయకండి, మురికి అంటుతుంది. చేతిని తేలిగ్గా ఆనిస్తే చాలు. చిన్న చక్కెరకేళి అయితే ఒక పూటకు సరిపోతుంది, సగం వదిలేసే బాధ ఉండదు.

తర్వాత పొట్లం. మరమరాలు, పుట్నాలు, వేయించిన పల్లీలు, ఎండు ఖర్జూరం ముక్కలు ఏవైనా సరే, దుకాణంలో ప్యాకెట్ చింపే సరదా ఇందులోనూ ఉంటుంది. 20 సెంటీమీటర్ల చదరపు బటర్ పేపర్‌ను మూల నుంచి మూలకు కోస్తే రెండు త్రికోణాలు వస్తాయి, ఒక్కో త్రికోణం ఒక్కో పొట్లం. పొడవాటి అంచు మీకు ఎదురుగా ఉండాలి. ఆ అంచు మధ్య చోటే పొట్లానికి మొన. కుడి చివరను చుట్టి పై మూలకు తెచ్చి పట్టుకుని, ఎడమ చివరను దాని చుట్టూ తిప్పి అదే మూల వెనక కలపాలి. మూడు మూలలూ కలిసిన చోట లోపలికి గట్టిగా మడిస్తే జిగురు లేకుండానే నిలుస్తుంది. మొన దగ్గర సందు ఉంటే చుట్టు వదులైనట్టు, విప్పి మళ్లీ బిగించండి. వాడి గుప్పిటతో ఒక గుప్పెడు పోసి, పైభాగం నొక్కి రెండు మడతలు పెడితే అయిపోయింది. తడివి ఇందులో వద్దు. కీరా ముక్కలు కలిపితే మరమరాలు పావుగంటలో మెత్తబడి సాగుతాయి, కీరాకు వేరే చిన్న గిన్నె.

వార్తాపత్రిక మాత్రం వాడకండి. అచ్చు సిరా నూనెకూ వేడికీ కరిగి తిండికి అంటుతుంది, అందులో సీసం లాంటి లోహాలుండొచ్చు. తిండిని పేపర్లో చుట్టడాన్ని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనే నిషేధించింది. స్టేపుల్ పిన్నులు కొట్టొద్దు. తళుకుల కాగితం, బహుమతులు చుట్టే రంగు కాగితం తిండికి తగలొద్దు. పులిహోర, టమాటా అన్నం లాంటి పుల్లనివి అల్యూమినియం రేకులో చుట్టొద్దు, పులుపు రేకును కొరుకుతుంది. మరి బొమ్మ ఎక్కడ వేయాలి? ఎప్పుడూ బయటి పట్టీ మీదే. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, పాతిక సెంటీమీటర్ల పొడవున్న తెల్లకాగితం పట్టీలు పది కోసి ఆదివారం వాడికే ఇవ్వండి. ఏనుగో, ఆటో రిక్షానో, వాడికి తోచింది గీసి రంగులేస్తాడు. పేరు కూడా వాడే పెట్టాలి. రోజుకొక పట్టీ డబ్బాకో పండుకో చుట్టి పంపండి. కొన్న కార్టూన్ స్టిక్కర్ల కంటే ఇది మేలని మేమనడానికి కారణం ఉంది: ఇవాళ క్యారెట్ మీద మెరిసే ఆ కార్టూనే రేపు దుకాణంలో చక్కెర బిస్కెట్ మీద కనిపిస్తుంది, దాని పరపతి మీరే పెంచినట్టవుతుంది. ఇదే లెక్కన ఖాళీ చిప్స్ ప్యాకెట్ కడిగి అందులో ఇంటి తిండి పోసి పంపే చిట్కా కూడా మాకు నచ్చదు.

పట్టీ విషయంలో అందరూ చేసే పొరపాటు ఒకటి ఉంది. కూరగాయ పెట్టిన రోజునే బొమ్మ పట్టీ చుడతారు. పిల్లలు తెలివిగలవాళ్లు. నాలుగు రోజుల్లో 'బొమ్మ ఉందంటే లోపల బీన్స్ ఉన్నట్టే' అని కనిపెట్టేస్తారు, మీ బొమ్మే హెచ్చరిక బోర్డయిపోతుంది. వారంలో రెండు రోజులైనా వాడికి ఇష్టమైన ఆలుగడ్డ వేపుడుకూ అదే పట్టీ చుట్టండి. తెరిచేదాకా ఏముందో తెలియకూడదు.

మూత లోపల అంటించే చీటీ ఇంకో ఉపాయం. ఒకటో తరగతి పిల్లవాడు చదవగలిగేలా అయిదారు మాటల్లో పొడుపు రాయండి, విడుపు డబ్బాలో ఉండాలి. దానిమ్మ గింజలు పెట్టిన రోజు 'ఎర్ర డబ్బాలో ఎర్ర ముత్యాలు', కోడిగుడ్డు రోజు 'తలుపు లేని తెల్ల ఇల్లు', ఇలా మీకు తోచినవి కట్టుకోవచ్చు. పక్క పిల్లలు కూడా తలలు పెట్టి చూస్తారు. ఆ నలుగురి ముందు విప్పి తినడమే సగం పని చేస్తుంది. చీటీ మీద 'ఇది తింటే బలం వస్తుంది' అని మాత్రం రాయకండి. చిన్న పిల్లలకు ఇది బలానికి మంచిదని, చదువుకు మంచిదని చెప్పి బిస్కెట్లు పెడితే, ఏమీ చెప్పకుండా పెట్టినప్పటికంటే తక్కువ తిన్నారని 2014లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో తేలింది. మందులా ఉంటుందేమో అనుకుంటారు. రుచి గురించి రాయండి, చప్పుడు గురించి రాయండి, 'కరకర' అన్న ఒక్క మాట చాలు.

ఆకుల సంగతి తీరిక ఉన్న రోజుకు. కోనసీమలో, ముఖ్యంగా అంబాజీపేట వైపు, పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఉడికించే పొట్టిక్కలు ఉంటాయి. పిల్లల కోసం ఎవరో కనిపెట్టినట్టుంటుంది గానీ పెద్దవాళ్ల ఫలహారమే. మామూలు ఇడ్లీ ముట్టని పిల్లలు కూడా బుట్ట విప్పే సరదాకు తింటారు, పనసాకు పరిమళం కూడా పిండికి పడుతుంది. ఒక్కో బుట్టకు నాలుగు ఓ మాదిరి ఆకులు కావాలి. కడిగి తుడిచి, కొనలు మధ్యలో ఒకదాని మీదొకటి వచ్చేలా కూడిక గుర్తు ఆకారంలో పేర్చి, కొబ్బరీనె ముక్కతో గుచ్చాలి. పక్కలు పైకి లేపి పక్కపక్క ఆకులను అంచుల దగ్గర ఈనెలతో కలిపితే గ్లాసులా నిలబడుతుంది. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కలిపి రాత్రి పులిసిన పిండిని మూడింట రెండు వంతులే పోయండి. నిండా పోస్తే పొంగి కారిపోతుంది. ఇడ్లీ కంటే మందం కాబట్టి ఆవిరి మీద ఇరవై నిమిషాలు పడుతుంది, పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. అడుగు నుంచి కారితే మధ్య గుచ్చు సరిగా పడలేదన్నమాట, లోపల చిన్న ఆకు ముక్క వేసి సరిచేయొచ్చు. పిండిలో తురిమిన క్యారెట్, సన్నగా తరిగిన కొత్తిమీర వేయొచ్చు, వాడి ఎదుటే వేయండి. బడికి పంపేటప్పుడు ఈనెలన్నీ లెక్కపెట్టి తీసేసి నూలు దారంతో కట్టండి. ఎన్ని గుచ్చారో గుర్తు లేకపోతే ఆ రోజు ఇంట్లోనే తినిపించడం మంచిది.

పనసాకు మీ దగ్గర దొరక్కపోతే అరటాకు ఉంది. 30 సెంటీమీటర్ల చదరం కోసి, సన్నటి మంట మీద పదిహేను సెకన్లు అటూ ఇటూ తిప్పితే ముదురు ఆకుపచ్చగా మారి మెత్తబడుతుంది. ఇలా వేడి చేయకుండా మడిస్తే ఈనె వెంట చీలి అన్నమంతా సంచిలోకి వస్తుంది. మెరిసే వైపు లోపలికి ఉంచి, మధ్యలో ముప్పావు కప్పు పులిహోర పెట్టి, నాలుగు వైపులా మడిచి దారం కట్టి, ఆ పొట్లాన్ని డబ్బాలో పెట్టండి. పులిహోర చింతపండు పులుపు వల్ల మధ్యాహ్నం వరకు పాడవదు, చల్లారినా రుచి తగ్గదు. పండ్ల ముక్కలకు మోదుగాకు దొప్ప మీ వైపు తేలిగ్గా దొరుకుతుంది.

చపాతీ చుట్ట గురించి రెండు మాటలు. లోపల పెట్టేది తడిగా ఉంటే అడుగు నుంచి కారుతుంది, చొక్కా పాడవుతుంది, మళ్లీ ముట్టడు. పాలకూర పప్పును గరిటె జారనంత గట్టిగా దగ్గరికి ఇగిర్చి, చపాతీకి ముందు నెయ్యి రాసి, రెండు చెంచాలే పరిచి చుట్టండి. కింది సగానికి బటర్ పేపర్ చుట్టి, కొసను లోపలికి మడవండి. తింటూ కాగితం చింపుకుంటూ పోవాలి, అదే ఆట.

ఇప్పుడు అసలు విషయానికి, లోపలున్నదానికి. తెలియనిదాన్ని తెలిసినదాని పక్కన పెట్టాలి. మీకో అదృష్టం ఏమిటంటే వాడు పెరుగన్నం తింటాడు. ఒక కప్పు మెత్తటి అన్నంలో అర కప్పు గోరువెచ్చని పాలు, ఒక చెంచా పెరుగు కలిపి పంపితే మధ్యాహ్నానికి తోడుకుని కమ్మగా ఉంటుంది, పులవదు. దాని మీద ఒక పక్కన అర చెంచా క్యారెట్ తురుము, రెండు ఎండుద్రాక్షలు కళ్లు, ఒక దానిమ్మ గింజ ముక్కు. ఇంతే బొమ్మ, రెండు నిమిషాల పని. జపాన్ తల్లుల్లా గంటసేపు కూర్చుని అన్నంతో కార్టూన్లు చెక్కక్కర్లేదు. ఎక్కువ సేపు చేతులతో నలిపిన తిండి తొందరగా పాడవుతుంది కూడా. క్యారెట్‌ను మూడు మిల్లీమీటర్ల బిళ్లలుగా కోసి చిన్న అచ్చుతో నక్షత్రాలు చేయాలనిపిస్తే చేయండి. రెండు నిమిషాలు ఆవిరి పట్టి పెట్టండి, మిగిలిన అంచులు ఉప్మాలోకి వెళ్తాయి. ముక్కను తీసి పక్కన పెట్టినా గొడవ చేయొద్దు. పెరుగన్నమంతా క్యారెట్‌తో కలిపేస్తే ఉన్న ఒక్క ఇష్టమైన తిండినీ అనుమానించడం మొదలుపెడతాడు, ఆ నష్టం పూడ్చడం కష్టం.

ఒక కొత్త కూర నాలుకకు అలవాటు కావడానికి మామూలుగా ఎనిమిది నుంచి పదిహేనుసార్లు రుచి చూడాలి. రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య కొత్త తిండి అంటే భయం ఎక్కువగా ఉండే వయసు, మీ వాడు దాని చివర్లో ఉన్నాడు. చాలామంది తల్లులు మూడుసార్లకే 'వాడికి పడదు' అని వదిలేస్తారు. ప్యాకింగ్ మార్చి మార్చి పెట్టడంలో ఉన్న అసలు లాభం ఇదే: అదే క్యారెట్‌ను పదిహేనుసార్లు పెట్టినా మీకూ వాడికీ విసుగు రాదు. ఇవాళ తురుము, మంగళవారం నక్షత్రం, శుక్రవారం పొట్టిక్కలో. కూర మాత్రం మారకూడదు. రోజుకో కొత్త కూరగాయ, రోజుకో కొత్త బొమ్మ అంటే ఏదీ అలవాటు కాదు. ఒక కాగితం మీద తేదీ, ఎలా పెట్టారు, ఎన్ని కొరుకులు తిన్నాడు అన్న మూడు గడులు గీసుకోండి. ఈ లెక్క మీ కోసమే, వాడికి చూపించొద్దు.

మోసమా అని అడిగారు. క్యారెట్‌ను క్యారెట్‌గానే చూపిస్తూ దానికి టోపీ పెట్టడం మోసం కాదు. పాలకూరను రుబ్బి దోశలో దాచి 'ఏమీ లేదు' అనడం మోసం. తెలిసిన రోజున దోశ కూడా పోతుంది. 'క్యారెట్ తింటే చాక్లెట్ ఇస్తా' అనడం ఇంకా నష్టం. ఆ బేరంలో చాక్లెట్ బహుమానమై ఇంకా విలువ తెచ్చుకుంటుంది, క్యారెట్ శిక్షగా మిగులుతుంది. ఏం పెట్టాలో మీరు నిర్ణయించండి, పెట్టిందాంట్లో ఎంత తినాలో వాడికి వదిలేయండి. బడి గేటు దగ్గర అందరి ముందు డబ్బా తెరిచి విచారణ చేయొద్దు.

దుకాణం ప్యాకెట్ గురించి. బొమ్మల బలం కంపెనీలకు మనకంటే బాగా తెలుసు. అందుకే చిలీ దేశం 2016లో చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన తిండి ప్యాకెట్ల మీద పిల్లలను ఆకర్షించే బొమ్మలు వేయకూడదని, లోపల ఆటబొమ్మలు పెట్టకూడదని చట్టం అమలు చేసింది. మన దగ్గర ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నిబంధనల ప్రకారం అలాంటి తిండిని బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదు. ఆ దుకాణం అంత దగ్గరుంటే నలుగురు తల్లిదండ్రులు కలిసి ప్రధానోపాధ్యాయుల దృష్టికి తీసుకెళ్లొచ్చు. పూర్తిగా మానిపించడం మీ చేతుల్లో ఉండకపోవచ్చు. వారానికి ఒకటి, శనివారం అని రోజు ఖాయం చేస్తే రోజూ గొడవ తప్పుతుంది. కొనేటప్పుడు ముందున్న మామిడిపండు బొమ్మ కాదు, వెనకున్న పదార్థాల పట్టిక చూడండి. బరువులో ఏది ఎక్కువైతే అది ముందు రాస్తారు. మొదటి మూడింట్లో చక్కెరో పామాయిలో ఉంటే సంగతి తెలిసిపోయినట్టే. చక్కెర నాలుగు గ్రాములంటే ఒక చిన్న చెంచా. లెక్క 'ఒక సర్వింగ్'కు రాశారా, మొత్తం ప్యాకెట్‌కా అన్నది కూడా చూడండి. ప్యాకెట్ 60 గ్రాములుండి సర్వింగ్ 25 గ్రాములని రాస్తే, వాడు తినేది దానికి రెండు రెట్ల పైమాటే.

పాప విషయంలో జాగ్రత్తలు వేరు. మూడేళ్లకు అన్న పొట్లంలోని పల్లీలు, మరమరాలతో వచ్చే పుట్నాలు పొలమారే ప్రమాదం ఉంది, పొడి చేసి పెట్టండి. ద్రాక్షను నిలువునా నాలుగు ముక్కలు చేయాలి, చక్రాలుగా కోస్తే గొంతుకు అడ్డం పడతాయి. పచ్చి ఆపిల్ ముక్క బదులు తురుమో, ఆవిరి పట్టిన ముక్కో. పళ్లపుల్లలు, రబ్బరు బ్యాండ్లు, ఈనెలు, ప్యాకెట్లో వచ్చే చిన్న బొమ్మలు తనకు అందకూడదు. పట్టీలకు రంగులేసే పని తనకూ ఇవ్వండి, అన్న తినేది చూసి నేర్చుకుంటుందన్నది మీకు అనుకూలమే.

బాబు బరువు పెరగకపోయినా, తగ్గినా, ఇష్టపడే పదార్థాలు రోజురోజుకూ తగ్గిపోతున్నా, మింగేటప్పుడు తరచూ ఓకరిస్తున్నా ఇవేవీ ప్యాకింగ్‌తో తీరేవి కావు, పిల్లల డాక్టరుకు చూపించండి.

సోమవారానికి డబ్బా ఇలా సర్దండి: పెద్ద అరలో పైన చెప్పిన పెరుగన్నం, దాని మీద క్యారెట్ తురుము అర చెంచా, చిన్న అరలో ఆలుగడ్డ వేపుడు పావు కప్పు, పక్కన పుట్నాల పొట్లం, సంచి బయటి జేబులో పిల్లి బొమ్మ పొడిచిన చక్కెరకేళి. వాడు గీసిన పట్టీ డబ్బాకు చుట్టండి. సాయంత్రం రాగానే క్యారెట్ తిన్నావా అని అడగకండి. అరటిపండు మీద ఏమొచ్చిందో అడగండి.